ఉప్పును పట్టిచ్చే వెండి

ఉద్దానం తీరంలో ఉప్పు లేని చోటు వెతకడం కష్టం. వజ్రపుకొత్తూరు వైపు సముద్రం మీంచి వీచే గాలిలో ఉప్పు, జీడితోటలో పనిచేసే మనిషి చొక్కా మీద తెల్లగా ఆరిన చెమటలో ఉప్పు, ఇసుక మీద ఎండే చేపలో ఉప్పు, నడివేసవిలో కొన్ని బోర్ల నీటిలోనూ ఉప్పు. టెక్కలి దాటి తీరం వైపు దిగితే నౌపడా ఉప్పు మళ్లు. ఈ ప్రాంతం గంజాం జిల్లాగా మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న రోజుల్లో ఆ ఉప్పు సర్కారు గుప్పిట్లో ఎలా ఉండేదో, 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు ఎలా నడిచిందో, 1947లో ఉప్పు పన్ను ఎలా రద్దయిందో గత భాగంలో చూశాం. ఈ భాగం కథానాయకుడు ఉప్పు కాదు, ఉప్పు ఎక్కడ దాక్కున్నా బయటికి లాగే ఒక వెండి లవణం. దాని పేరు సిల్వర్ నైట్రేట్.

ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివిన వారందరికీ దీనితో ముఖపరిచయం ఉంటుంది. పరీక్షనాళికలో తెలియని లవణం ద్రావణం, అందులో కొద్దిగా సజల నత్రికామ్లం, ఆపైన రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్. క్లోరైడ్ ఉంటే పెరుగు విరిగినట్టు తెల్లటి అవక్షేపం. అమ్మోనియా పోస్తే అది మళ్లీ కరిగిపోతుంది. రికార్డులో 'క్లోరైడ్ నిర్ధారణ అయింది' అని రాసి, మార్కులు వేయించుకుని వచ్చేస్తారు. ఆ రెండు చుక్కల వెనక 400 ఏళ్ల చరిత్ర ఉందని ఎవరూ చెప్పరు.

వెండిని నత్రికామ్లంలో కరిగించి, నీటిని ఇగిరించి, స్ఫటికాలు కట్టిస్తే సిల్వర్ నైట్రేట్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. దాని బరువులో దాదాపు 63.5 శాతం వెండే. అందుకే వెండి ధర పెరిగినప్పుడల్లా కాలేజీ ల్యాబుల వాళ్లు తల పట్టుకుంటారు. 212 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి ద్రవమవుతుంది. ఇంకా వేడెక్కించి 440 డిగ్రీల దాకా తీసుకెళ్తే విడిపోయి వెండి మిగులుతుంది, ఎర్రగోధుమ రంగు విషవాయువు పైకి లేస్తుంది.

అసలు కిటుకు కరగడంలో ఉంది. మామూలు గది వేడిమిలో లీటరు నీటిలో సిల్వర్ నైట్రేట్ రెండు కిలోలకు పైగా కరుగుతుంది. అదే వెండి ఉప్పులోని క్లోరైడ్‌తో జతకట్టి సిల్వర్ క్లోరైడ్ అయిందా, లీటరు నీటిలో కరిగేది రెండు మిల్లీగ్రాములకు మించదు. రెండు కిలోలెక్కడ, రెండు మిల్లీగ్రాములెక్కడ! అందుకే నీటిలో ఏ మూల క్లోరైడ్ ఉన్నా వెండి దాన్ని పట్టుకుని అడుగుకు చేరుతుంది. కొళాయి నీటితో సిల్వర్ నైట్రేట్ ద్రావణం చేయబోతే గ్లాసులోనే పాలిపోయినట్టు తెల్లబడుతుంది. డిస్టిల్డ్ వాటర్ అని అమ్మిన నీరు నిజంగా అదేనా అని చూసుకోవడానికి ఇదో సులువైన పరీక్ష.

పాత రోజుల రసవాదులు వెండికి చంద్రుణ్ని అధిదేవతగా పెట్టుకున్నారు. సిల్వర్ నైట్రేట్‌ను కరిగించి చిన్న కడ్డీలుగా పోసి పుళ్లను, పులిపిర్లను కాల్చడానికి వాడేవారు కాబట్టి ఐరోపా వైద్యులు దాన్ని చంద్రక్షారమని పిలిచారు. చంద్రుడి పేరు పెట్టుకున్న ఈ పదార్థానికి సూర్యుడంటే పడదని మొదట రాసిపెట్టినవాడు ఇటలీకి చెందిన వైద్యుడు ఆంజెలో సాలా. సిల్వర్ నైట్రేట్ పొడిని ఎండలో పెడితే సిరాలా నల్లబడుతుందని 1614లో ఆయన ప్రకటించాడు. అయితే నల్లబరిచేది ఎండలోని వెలుగా, వేడా అన్న ప్రశ్న తేలడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

తేల్చినవాడు జర్మన్ ఆచార్యుడు యోహాన్ హైన్రిష్ షూల్జ్. 1717 ప్రాంతంలో ఆయన చేయబోయింది వేరే పని: చీకట్లో మెరిసే పదార్థం ఒకటి తయారుచేద్దామని సుద్దను నత్రికామ్లంలో కలిపాడు. ఆ ఆమ్లంలో అంతకుముందు ఎప్పుడో కరిగించిన వెండి కాస్త మిగిలి ఉంది. కిటికీ దగ్గర పెట్టిన సీసాలో వెలుగు తగిలిన వైపు ముదురు రంగుకు తిరిగింది, నీడ వైపు తెల్లగానే ఉంది. సామాన్యుడైతే సీసా కడిగి పక్కన పెట్టేసేవాడే. షూల్జ్ మాత్రం అదే మిశ్రమాన్ని పొయ్యి దగ్గర పెట్టి వేడి చూపించాడు. రంగు మారలేదు. అంటే నేరం వేడిది కాదు, వెలుగుది. ఆపైన కాగితంలో అక్షరాలు కత్తిరించి సీసాకు చుట్టి ఎండలో పెట్టాడు. కాగితం తీస్తే సీసాలోని సుద్ద మీద అక్షరాలు! సీసా కుదిపితే అవి చెరిగిపోయేవి. వెలుగుతో రాయడం సాధ్యమని లోకానికి తెలిసిన ఆ క్షణాన్ని ఫోటోగ్రఫీ పుట్టుక అనడం అతిశయోక్తే కానీ, బీజం పడింది మాత్రం అక్కడే.

ఆ బీజం మొలకెత్తడానికి ఇంకో 120 ఏళ్లు పట్టింది. 1802లో థామస్ వెడ్జ్‌వుడ్, హంఫ్రీ డేవీ కలిసి సిల్వర్ నైట్రేట్ పూసిన కాగితం, తోలు మీద నీడల బొమ్మలు తీశారు. వాటిని కొవ్వొత్తి వెలుగులో దొంగచాటుగా చూసుకోవలసిందే, పగటి వెలుగులోకి తెస్తే మొత్తం నల్లబడేవి. మిగిలిపోయిన వెండి లవణాన్ని కడిగేసే మందు జాన్ హెర్షెల్‌కు 1819లోనే తెలుసు. అదే హైపో. బొమ్మను నిలబెట్టడానికి అది పనికొస్తుందని అనుకోవడానికి 1839 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాదే డాగేర్, టాల్బట్ తమ ఫోటో పద్ధతులు బయటపెట్టారు. టాల్బట్ చేసిన పని వింటే నౌపడా మనుషులకు నవ్వొస్తుంది: మామూలు కాగితాన్ని ముందు ఉప్పునీళ్లలో ముంచి ఆరబెట్టి, దాని మీద సిల్వర్ నైట్రేట్ పూశాడు. కాగితంలోనే సిల్వర్ క్లోరైడ్ తయారైంది. ఉప్పు లేకపోతే ఫోటో లేదు.

1850 నుంచి ఉప్పుతో పాటు కోడిగుడ్డు తెల్లసొన చేరింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణలో పనిచేసిన లాలా దీన్ దయాళ్ హైదరాబాదులో తీసిన రాజభవనాల, దర్బారుల ఫోటోలలో ఎన్నో ఈ తెల్లసొన కాగితాల మీద అచ్చైనవే. ఆ కాలపు ఫోటోగ్రాఫర్ల వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. మరకలు పోగొట్టుకోవడానికి కొందరు ఐరోపా ఫోటోగ్రాఫర్లు పొటాషియం సయనైడ్‌తో చేతులు రుద్దుకునేవారు. వేలి నలుపు కోసం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమంటే ఇదే.

వైద్యంలో ఈ లవణం చేసిన మేలు చిన్నది కాదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ప్రసూతి వైద్యుడు కార్ల్ క్రేడే 1880లో, పుట్టిన ప్రతి బిడ్డ కంట్లో 2 శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వేయించడం మొదలుపెట్టాడు. తల్లికి ఉన్న గనేరియా వల్ల బిడ్డకు సోకే కంటి జబ్బు ఆ ఆసుపత్రిలో సుమారు పది శాతం నుంచి ఒక శాతం లోపుకు పడిపోయింది. యాంటీబయాటిక్స్ వచ్చాక ఆ చుక్కలు వెనక్కి తగ్గాయి. ముక్కు నుంచి పదేపదే రక్తం కారే వారికి ఈఎన్‌టీ డాక్టర్లు ఇప్పటికీ సిల్వర్ నైట్రేట్ పుల్లతో రక్తనాళాన్ని మాడుస్తారు. కాలిన గాయాలకు పూసే తెల్లటి సిల్వర్ సల్ఫాడయజిన్ ఆయింట్‌మెంటు దీని దగ్గరి చుట్టమే.

వైద్యం నుంచి పరిశోధనకు వస్తే, ఇటలీలో కామిల్లో గోల్గి 1873లో పొటాషియం డైక్రోమేట్, సిల్వర్ నైట్రేట్ ఒకదాని తర్వాత ఒకటి పట్టించి మెదడు కణాలను నల్లగా, కొమ్మలు రెమ్మలతో సహా కనిపించేలా చేశాడు. స్పెయిన్‌కు చెందిన కహాల్ అదే పద్ధతితో, మెదడు గురించి గోల్గి చెప్పిన సిద్ధాంతాన్నే తప్పని నిరూపించాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. వేదిక మీద కూడా వాళ్లకు పొసగలేదు. సరిగ్గా ఆ రెండు రసాయనాలతోనే ఈ రోజు పాలలో ఉప్పు కల్తీని పట్టుకుంటారు: 5 మిల్లీలీటర్ల పలుచని సిల్వర్ నైట్రేట్‌లో రెండు మూడు చుక్కల డైక్రోమేట్ వేసి ఇటుక రంగు రాగానే ఒక మిల్లీలీటరు పాలు పోస్తే, ఉప్పు కలిపిన పాలకు ఆ రంగు విరిగి పసుపవుతుంది. మంచి పాలకు ఇటుక రంగు నిలుస్తుంది. నీళ్లు కలిపి, ఆ పలుచదనం లాక్టోమీటరులో తెలియకుండా ఉప్పు వేసే తెలివితేటలకు ఇది జవాబు.

ఉద్దానంలో అందరి ఒంటి మీదా ఈ లవణం పడే రోజు ఎన్నికల రోజు. 2024 మే 13న పలాస నియోజకవర్గంలో ఓటేసిన మత్స్యకారుడి ఎడమ చూపుడు వేలి మీద పూసిన సిరాలో పని చేసేది సిల్వర్ నైట్రేటే. 1962 సార్వత్రిక ఎన్నికల్లో మొదలైన ఈ సిరాను జాతీయ భౌతిక ప్రయోగశాల రూపొందించగా, ఎన్నికల సంఘానికి మైసూరు పెయింట్స్ అండ్ వార్నిష్ సంస్థ సరఫరా చేస్తోంది. మైసూరు మహారాజు 1937లో లక్క కర్మాగారంగా పెట్టించిన సంస్థ అది. హైదరాబాదులోని రాయుడు లేబొరేటరీస్ కూడా ఇలాంటి చెరగని సిరా తయారుచేస్తుంది. పల్స్ పోలియో చుక్కలు వేశాక పిల్లల చిటికెన వేలికి పెట్టే గుర్తుది కూడా ఇదే వరస.

సిరా పూసినప్పుడు ఊదాగా కనిపించేది రంగు మాత్రమే. అసలు పని ఆ తర్వాత జరుగుతుంది. చర్మం మీది చెమటలోని ఉప్పుతో వెండి కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది, చర్మపు ప్రోటీన్లను కూడా పట్టుకుంటుంది. బూత్ బయటికి వచ్చి ఎండలో నిలబడగానే వెలుగు దాన్ని సన్నని వెండి రేణువులుగా మార్చి నల్లబరుస్తుంది. సబ్బుకు పోదు, కిరోసిన్‌కు పోదు. పైచర్మం రాలితే పోతుంది, గోరు మీదిదైతే గోరు పెరిగి కత్తిరించుకున్నాకే. షూల్జ్ సీసాలో జరిగిన ముచ్చటే ఇక్కడ వేలి మీద జరుగుతుంది.

ఇక నీటి సంగతి. ఈ తీరానికి సంబంధించినంత వరకు సిల్వర్ నైట్రేట్‌కు ఇదే అసలు కొలువు. తీరం వెంబడి ఇసుక నేలల్లో వాన నీరు కిందికి ఇంకి, బరువైన సముద్రపు నీటి మీద తేలుతూ నిలబడుతుంది. డచ్చివాడు గైబెన్ 1888లో, జర్మన్ ఇంజనీరు హెర్ట్స్‌బర్గ్ 1901లో విడివిడిగా కట్టిన లెక్క ప్రకారం, సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీటి మట్టం ఉంటే కింద సుమారు 40 మీటర్ల మందాన మంచినీరు ఉంటుంది. లెక్కను తిరగేస్తే భయం తెలుస్తుంది: మోటార్లతో తోడి మట్టాన్ని ఒక్క మీటరు దించితే కింద నుంచి ఉప్పునీరు 40 మీటర్లు పైకి వస్తుంది. నూతి నీరు తియ్యగా ఉన్న పెరట్లోనే లోతుగా వేసిన బోరు ఉప్పగా రావడంలో వింతేమీ లేదు. పైనుంచి వచ్చే ముప్పు వేరే. తుఫాను ఉప్పెన సముద్రాన్ని ఊళ్లోకి తోస్తే లోతులేని నూతుల్లోకి నేరుగా ఉప్పునీరు దిగుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటి జీడి, కొబ్బరి తోటలను నేలకూల్చిన సంగతి ఇక్కడి వాళ్లకు కొత్తగా చెప్పనక్కర లేదు.

నీటిలో ఉప్పు ఎంతుందో నాలుక చెప్పగలదు కానీ అంకె వేయలేదు. ఫ్రాన్సులో గే-లుస్సాక్ 1832లో వెండి నాణ్యత తేల్చడానికి ఉప్పునీటిని కొలిచి పోసే పద్ధతి ప్రకటించాడు. ఆ లెక్కను తలకిందులు చేస్తే వెండితో ఉప్పును కొలవవచ్చు. పోయడం ఎక్కడ ఆపాలో తెలియడమే కష్టం, తెల్లటి మబ్బులో తెల్లటి చుక్క కనిపించదు మరి. జర్మన్ రసాయనవేత్త ఫ్రీడ్రిష్ మోర్ 1856లో అందులో కాస్త పొటాషియం క్రోమేట్ వేసి ఆ చిక్కు తీర్చాడు. క్లోరైడ్ అంతా అయిపోయేదాకా వెండి క్రోమేట్ జోలికి పోదు. అయిపోయిన మరుక్షణం పసుపు ద్రావణంలో ఇటుక రంగు తొంగిచూస్తుంది. అక్కడ వెండి ద్రావణం పోసే కొలగొట్టాన్ని, అంటే బ్యూరెట్‌ను, కట్టెయ్యాలి.

నీటి పరీక్షల ల్యాబుల్లో ఈ పని చేసే టెక్నీషియన్లు సిల్వర్ నైట్రేట్ బలానికి 0.0141 నార్మల్ అనే వింత అంకె వాడతారు. దానికి కారణం ఉంది: ఆ బలంలో ఒక్కో మిల్లీలీటరు సరిగ్గా అర మిల్లీగ్రాము క్లోరైడ్‌ను పట్టుకుంటుంది. 50 మిల్లీలీటర్ల నూతి నీరు తీసుకుంటే, ఖర్చయిన ప్రతి మిల్లీలీటరుకు లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరైడ్ అని నోటిలెక్క. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 250 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 1000 వరకు ఒప్పుకుంటారు. అంటే 25 మిల్లీలీటర్లు దాటితే హెచ్చరిక గంట మోగినట్టే. సముద్రపు నీటిలో క్లోరైడ్ లీటరుకు దాదాపు 19,000 మిల్లీగ్రాములు. క్లోరైడ్ అసలే లేని 75 బిందెల నీటిలో ఒక్క బిందె సముద్రం కలిస్తే చాలు, 250 గీత దగ్గరికి వచ్చేస్తుంది.

ఈ పరీక్షకు హద్దులున్నాయి. నీరు పుల్లగా గానీ మరీ క్షారంగా గానీ ఉంటే ఇటుక రంగు మోసం చేస్తుంది, పీహెచ్ 7 నుంచి 10 మధ్యలో ఉండాలి. బ్రోమైడ్, అయోడైడ్ కూడా ఉప్పు ఖాతాలోనే పడతాయి. అంతకంటే పెద్ద హద్దు ఇంకొకటి. ఉద్దానం అనగానే రాష్ట్రమంతటికీ గుర్తొచ్చే కిడ్నీ జబ్బుకు కారణం ఈ బ్యూరెట్ చెప్పలేదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీలను తినేస్తున్న ఆ జబ్బుకు ఇదే కారణమని శాస్త్రం ఇంతవరకు తేల్చలేదు. నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పనిచేస్తూ నీళ్లు తాగకపోవడం, నొప్పిమాత్రలు అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. క్లోరైడ్ పరీక్ష బాగా వచ్చిందని ఆ నీరు అన్ని విధాలా మంచిదని అనుకోవడం పొరపాటు. సిల్వర్ నైట్రేట్ ఒక్క ప్రశ్నకే సమాధానం చెబుతుంది. జబ్బుకు కారణం తేలకపోయినా, వంశధార మీది హిరమండలం జలాశయం నుంచి పైపుల ద్వారా ఈ ఊళ్లకు నీరిచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

విచిత్రమేమంటే, బ్యూరెట్‌లో చెప్పలేని చోట ఈ వెండి ఇంకో రూపంలో సాయానికి వస్తుంది. కిడ్నీ బయాప్సీ ముక్కను పాథాలజిస్టులు నాలుగు రకాల రంగులతో చూస్తారు. వాటిలో ఒకటి సిల్వర్ నైట్రేట్‌ను మెథెనమైన్‌తో కలిపి పట్టించే వెండి రంగు, డేవిడ్ జోన్స్ పేరుతో 1950ల నుంచి వాడుకలో ఉంది. వడపోత గుత్తుల చుట్టూ, నాళాల చుట్టూ ఉండే సన్నని పొర నల్లటి గీతలా తేలుతుంది. ఎక్కడ మందమైంది, ఎక్కడ ముడుచుకుంది, ఎక్కడ చిరిగింది అన్నీ ఆ గీతలో చదవొచ్చు. ఉద్దానం రోగుల బయాప్సీలలో ప్రధానంగా కనిపించింది వడపోత గుత్తుల జబ్బు కాదు, నాళాలూ వాటి మధ్య కణజాలమూ దెబ్బతినడం.

ఇన్ని పనులు చేసే మందును మన కాలేజీ ల్యాబుల్లో చూసే తీరు మాత్రం బాగోదు. తెల్ల సీసాలో పోసి కిటికీ పక్కన పెట్టడం, ఖాళీ చేతులతో తాకడం, ప్రాక్టికల్ అయ్యాక అంతా సింకులో గుమ్మరించడం. ఇది గోధుమరంగు సీసాలో, చీకటి బీరువాలో ఉండాలి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. చేతి మీద పడితే వెంటనే ధారాళంగా నీటితో కడగాలి, నల్లబడ్డాక రుద్దినా ప్రయోజనం లేదు, కొన్నాళ్లకు అదే పోతుంది. కంట్లో పడితే మాత్రం ఆలోచించే వ్యవధి లేదు: కనీసం 15 నిమిషాలు పారే నీటితో కడిగి నేరుగా కంటి డాక్టరు దగ్గరికి. కంటిని శాశ్వతంగా కాల్చేయగలదు. మింగితే గొంతు, కడుపు పుండవుతాయి. ఇది ఆక్సీకారిణి కూడా కాబట్టి స్పిరిట్, కాగితం, రంపపు పొట్టు లాంటి వాటి పక్కన పెట్టకూడదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం అమ్మోనియాతో. ఆల్డిహైడ్ పరీక్షకు చేసే టోలెన్స్ కారకం, అద్దంలా వెండి పూత తేవడానికి వాడేది, అప్పటికప్పుడు చేసుకుని అప్పుడే పారబోయాలి. రాత్రంతా నిలవుంటే అందులో ఏర్పడే నల్లటి పదార్థం కదిలిస్తే పేలుతుంది. వాడకం అవగానే సజల ఆమ్లం కలిపి విరిచేయాలి. 'రేపటి బ్యాచ్‌కి పనికొస్తుంది' అని దాచే పొదుపు వద్దు.

మిగిలిన ద్రావణాన్ని ఎక్కడ పోయాలన్నది చిన్న ప్రశ్న కాదు. నీటిలో కరిగిన వెండి లీటరుకు మైక్రోగ్రాముల్లో ఉన్నా చిన్న జలచరాలకు విషమే. చేపల మీద బతికే తీరంలో దాన్ని కాలవల్లోకి వదలడం సిగ్గుచేటు. ఒక పెద్ద సీసాకు 'వెండి వ్యర్థం' అని చీటీ అంటించి అందులో పోయాలి, కాస్త ఉప్పు వేస్తే వెండంతా సిల్వర్ క్లోరైడ్‌గా అడుగున పేరుకుంటుంది. పైనీరు తీసేసి ఆ బురదను ఎండబెట్టి దాచితే అందులో మూడొంతులు వెండే, తిరిగి రాబట్టుకోవచ్చు.

ఇంకో హెచ్చరిక ల్యాబు బయటి వాళ్లకు. వెండి నీళ్లు తాగితే రోగనిరోధక శక్తి పెరుగుతుందని, ఒంటికి మంచిదని అమ్మేవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు. ఏళ్ల తరబడి వెండి లోపలికి వెళ్తే చర్మం నీలిబూడిద రంగుకు మారుతుంది, ఆ రంగు ఇక పోదు. కొల్లాయిడల్ వెండిని మందుగా అమ్మడానికి భద్రత, ప్రయోజనం రెండూ రుజువు కాలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1999లోనే తేల్చింది.

తీరపు ఊళ్లలో నూతి నీరో బోరు నీరో తాగేవారు ఏడాదికి రెండుసార్లు, వేసవి చివర ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ల్యాబులో పరీక్ష చేయించుకోవాలి. శుభ్రమైన సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు తొలిచి నింపాలి, ఉప్పు చేతులు తగలనివ్వకూడదు. కాగితం మీద క్లోరైడ్ అంకె ఒక్కటే చూసి మడిచి పెట్టకుండా ఫ్లోరైడ్, నైట్రేట్, మొత్తం కరిగిన లవణాల అంకెలు కూడా అడిగి రాయించుకోవాలి. పాత కాగితాలు పారేయకుండా పక్కపక్కన పెట్టి చూస్తే సముద్రం ఏ ఏడాది ఎంత లోపలికి వచ్చిందో ఊరికి తానుగా తెలుస్తుంది.

(వచ్చే భాగం: బొమ్మను నిలబెట్టిన హైపో, అదే మందు అయోడైజ్డ్ ఉప్పును ఎలా పరీక్షిస్తుంది)